భూమి ముడతల్లో బంగారం బాట

ఒకచోట పసిడి, పక్కనే వట్టి రాయి ఎందుకు? కోలారు పట్టీ చెబుతున్న భూగర్భ పాఠం

కుప్పం: చూడటానికి అంతా ఒకే కొండవరుస. ఒకే రకం నల్లరాయి, ఒకే ఎర్రమట్టి. అయినా ఒకచోట తవ్విన టన్ను రాతిలో గ్రాముల కొద్దీ పసిడి ఉంటుంది. అక్కడికి వంద గజాల దూరంలో ఎంత లోతుకు తవ్వినా చిల్లిగవ్వ విలువైన లోహం కనిపించదు. చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం బంగారు గనుల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ కర్ణాటక సరిహద్దు గ్రామాల్లో ఈ ప్రశ్న తలెత్తుతూనే ఉంటుంది. గని మొదలైతే ఎవరి పొలం కింద తవ్వుతారు, ఎంతకాలం నడుస్తుంది, ఎంతమందికి పని దొరుకుతుంది అన్నవి ప్రజల సందేహాలు. వీటన్నింటికీ మూలం ఒక్కటే. అది భూమి లోపల ఖనిజం ఏ ఆకారంలో ఉన్నదన్న విషయం. ఆ ఆకారాన్ని నిర్ణయించింది కోట్ల ఏళ్ల క్రితం భూమి పైపొర నలిగి, ముడుచుకుని, తెగిపోయిన తీరు.

రెండు భూభాగాల నడుమ నలిగిన పట్టీ

కోలారు బంగారు గనులున్న శిలల పట్టీ ఉత్తర దక్షిణాలుగా సుమారు 80 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. దీని వెడల్పు 3 నుంచి 6 కిలోమీటర్లు మాత్రమే. అధికభాగం కర్ణాటకలో ఉండగా, దక్షిణపు కొస కుప్పం ప్రాంతంలోకి, అక్కడి నుంచి తమిళనాడులోకి చొచ్చుకుపోయింది. చిగురుగుంట, బిసానత్తం గనులు ఈ దక్షిణపు కొసలోనివే.

సుమారు 270 కోట్ల ఏళ్ల క్రితం సముద్రగర్భంలో పొంగి గడ్డకట్టిన లావాయే ఈ పట్టీలోని నల్లరాయికి మూలం. తర్వాతి కాలంలో విపరీతమైన వేడికి, ఒత్తిడికి లోనై అది ఆంఫిబొలైట్ అనే గట్టి శిలగా మారింది. పట్టీకి తూర్పున ఉన్న గ్రానైట్ జాతి రాళ్ల వయసు, పడమటి రాళ్ల వయసు వేర్వేరని, రెండు వైపులా చరిత్ర ఒకటి కాదని అమెరికా, భారత శాస్త్రవేత్తలు కలిసి చేసిన పరిశోధన తేల్చింది. 1989లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురితమైన ఆ పరిశోధన ప్రకారం, ఒకప్పుడు దూరదూరంగా ఉన్న రెండు భూభాగాలు సుమారు 250 కోట్ల ఏళ్ల క్రితం ఇక్కడ వచ్చి కలిశాయి. మధ్యలో చిక్కిన లావా పొరలు చెరకు మరలో పడ్డ గడలా నలిగిపోయాయి.

ఒత్తిడి తూర్పు పడమరల నుంచి వచ్చింది కనుక ముడతలు ఉత్తర దక్షిణాలుగా పడ్డాయి. నేలపై పరచిన చాపను రెండు పక్కల నుంచి లోపలికి నెడితే, నెట్టిన దిశకు అడ్డంగా మడతలు లేస్తాయి. ఇక్కడా జరిగింది అదే. పట్టీ పొడవునా కనిపించే ఉత్తర దక్షిణ వరుస నాటి ఒత్తిడి దిశను ఈనాటికీ చూపుతోంది.

పగుళ్లలోకి పసిడి చేరిన తీరు

బంగారం రాతిలో మొదటి నుంచీ గుట్టలుగా లేదు. మామూలు రాతిలో దాని పాలు అత్యల్పం. టన్ను రాతిలో గ్రాములో కొన్ని వేల వంతులకు మించదు. దాన్ని ఒకచోటికి చేర్చింది వేడినీరు. భూమి లోతుల్లో శిలలు కాగి, నలిగినప్పుడు వాటిలోని ఖనిజాల నుంచి నీరు విడివడుతుంది. సుమారు 300 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ వేడిలో, గంధకం వంటి పదార్థాలను కలుపుకున్న ఆ నీటిలో బంగారం కరిగి ప్రయాణిస్తుంది.

అయితే ఈ నీటికి దారి కావాలి. గట్టిరాతిలో దారి దొరికేది పగుళ్ల వెంబడే. లోపల నీటి ఒత్తిడి పెరిగిపెరిగి, రాతి పగులు కదలి భూకంపం వచ్చినప్పుడు దారి తెరచుకుంటుంది. నీరు ఒక్కసారిగా పైకి ఎగజిమ్ముతుంది. ఆ క్షణంలో ఒత్తిడి పడిపోవడంతో నీరు తాను మోస్తున్న సిలికాను, బంగారాన్ని వదిలేస్తుంది. సిలికా తెల్లని పలుగురాయిగా పేరుకుని పగులును మూసేస్తుంది. మళ్లీ లోపల ఒత్తిడి పెరుగుతుంది, మళ్లీ పగులు తెరచుకుంటుంది. కవాటం తెరచుకుని మూసుకున్నట్లు సాగే ఈ క్రమాన్ని రిచర్డ్ సిబ్సన్, ఆయన సహచరులు 1988లో వివరించారు. భూకంప సమయంలో పగులు హఠాత్తుగా విచ్చుకోవడంతో లోపలి నీరు క్షణంలో ఆవిరై బంగారాన్ని వదిలేయగలదని ఆస్ట్రేలియా పరిశోధకులు 2013లో లెక్కలు కట్టి చూపారు. ఒక్కో భూకంపంలో చేరేది పలుచని పొరే. వేలసార్లు జరిగితేనే గని అయ్యే సిర ఏర్పడుతుంది.

కుండ పెంకుల లెక్క

పగులు పొడవునా బంగారం ఒకే తీరుగా ఎందుకు పరచుకోలేదన్నది తర్వాతి ప్రశ్న. దీనికి పగిలిన కుండ పెంకులు చక్కని ఉదాహరణ. పగిలిన రెండు ముక్కలను అంచులు కలిసేలా పెడితే సరిగ్గా అతుకుతాయి. ఒక ముక్కను అంచు వెంబడి కాస్త జరిపితే కొన్నిచోట్ల అంచులు గట్టిగా ఒరుసుకుంటాయి, మరికొన్నిచోట్ల సందులు పడతాయి. పగులు తిన్నగా లేకుండా వంకరగా ఉండటమే కారణం.

రాతి పగులు కూడా ఇలాగే వంకర టింకరగా ఉంటుంది. రెండు పక్కల రాళ్లు జరిగినప్పుడు కొన్ని వంపుల వద్ద సందులు తెరచుకుంటాయి. నీరంతా అటే పరుగెడుతుంది, పలుగురాయి, పసిడి అక్కడే పేరుకుంటాయి. ఒరుసుకున్న చోట సిర దారంలా సన్నబడిపోతుంది. అందువల్ల సిరలో బంగారం మెండుగా ఉన్న భాగం పలకలా అంతటా ఉండక, ఏటవాలుగా లోతుకు దిగే పొడవాటి దూలంలా ఉంటుంది. గనుల భాషలో దీన్ని ‘ఓర్ షూట్’ అంటారు. సిర పడమరకు వాలి ఉన్నా, దానిలోని ఈ దూలం ఉత్తరానికో దక్షిణానికో పక్కవాటుగా దిగవచ్చు. నేలపై ఖనిజం కనిపించిన చోట నిలువుగా బావి తవ్వుకుంటూ పోతే కొంత లోతు తర్వాత వట్టిరాయే తగలడానికి కారణం ఇదే. ఖనిజం అయిపోదు, పక్కకు తప్పుకుంటుంది.

ముడత పడితే మందం

ముడత పడినప్పుడు మరో చిత్రం జరుగుతుంది. పుస్తకాల కట్టను రెండు చేతులతో వంచితే కాగితాలు ఒకదానిపై ఒకటి జారుతాయి, వంపు తిరిగిన చోట పొరల మధ్య ఖాళీలు ఏర్పడతాయి. శిలల పొరలు ముడుచుకున్నప్పుడు కూడా ముడత శిఖరం వద్ద ఇటువంటి సందులే తెరచుకుంటాయి. అక్కడ పేరుకున్న ఖనిజం గుర్రంపై వేసిన జీను ఆకారంలో ఉంటుంది. నడుమ మందంగా, ఇరువైపులా పలచబడుతూ కిందికి దిగుతుంది.

ప్రపంచంలో దీనికి పేరెన్నికగన్న ఉదాహరణ ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రానికి చెందిన బెండిగో. 1851లో అక్కడ బంగారు వేట మొదలైంది. నేలకు దగ్గరగా ఉన్న సిర అయిపోగానే గని కథ ముగిసిందనుకున్నారు. అదే ముడత శిఖరం కింద లోతుకు వెళ్లి చూస్తే మరో జీను, దాని కింద ఇంకో జీను బయటపడ్డాయి. ముడత శిఖరరేఖను పట్టుకుని తవ్వినవారికి 600 టన్నులకు పైగా బంగారం చిక్కింది. ఆకారం అర్థమైతే తప్ప ఆ సంపద చేతికి వచ్చేది కాదు.

కోలారులో తీరు వేరు. ఇక్కడి ప్రధాన సిర పేరు ‘ఛాంపియన్ లోడ్’. 1880వ దశకంలో బ్రిటిష్ సంస్థ జాన్ టేలర్ అండ్ సన్స్ రంగప్రవేశం చేసింది. పూర్వకాలపు తవ్వకాల గోతుల వెంబడి దిగడంతో ఈ సిర బయటపడింది. సగటున మీటరు అటూఇటూగా మాత్రమే మందమున్న ఈ సిరపై సుమారు 8 కిలోమీటర్ల పొడవునా గనులు వెలిశాయి. నేలకు దగ్గరలో పడమరకు వాలుగా ఉండే ఈ సిర లోతుకు దిగేకొద్దీ దాదాపు నిట్టనిలువుగా మారుతుంది. ఛాంపియన్ రీఫ్ గనిలో ఒకచోట సిర ముందుకు వెనక్కు మడతలు పడి ఉంది. ‘నార్తర్న్ ఫోల్డ్స్’ అని గని పటాల్లో పేరుపడ్డ ఆ భాగంలో ఒకే సిర పలుమార్లు ఎదురవుతుంది. కొత్త సిరలు దొరికాయని భ్రమ కలిగించే ఈ మడతలు నిజానికి ఒకే పలక వంపులు. మడత వంపుల వద్ద ఖనిజం చిక్కగా చేరడం కోలారు గనులకు కలిసొచ్చింది.

తెగిన సిర కోసం వెతుకులాట

భూమి పైపొర కదలికలు ఖనిజాన్ని పోగు చేయడమే కాదు, పోగైనదాన్ని చెదరగొడతాయి కూడా. సిర ఏర్పడిన తర్వాత వచ్చిన కదలికల్లో దానికి రెండు రకాల గతి పట్టవచ్చు.

మొదటిది సాగిపోవడం. మెత్తని మట్టిముద్దల మధ్య బెల్లం చెక్క పెట్టి గట్టిగా నొక్కితే మట్టి నలువైపులా సాగుతుంది, సాగలేని బెల్లం ముక్కలు ముక్కలుగా విరిగి ఎడంగా జరుగుతుంది. మెత్తని శిలల మధ్య చిక్కిన పలుగురాయి సిర కూడా ఇలాగే ముక్కలై, పూసల దండలా మిగులుతుంది. ఒక పూస తవ్వాక కొంతదూరం ఏమీ ఉండదు, తర్వాత మరో పూస తగులుతుంది. మధ్యలోని ఖాళీని చూసి ఖనిజం ముగిసిందనుకోవడం తొందరపాటే అవుతుంది.

రెండోది తెగిపోవడం. రాతిపొరలు ఒక తలం వెంబడి తెగి, ఒక పక్క కిందికో పక్కకో జరిగితే దాన్ని భ్రంశం అంటారు. గోడ మధ్యలో నిలువునా పగిలి ఒక భాగం కుంగితే ఇటుకల వరుస కలవనట్లే, భ్రంశానికి ఇవతల ఉన్న సిర అవతల అదే మట్టంలో కనిపించదు. కోలారు గనుల్లో ఇటువంటి భ్రంశాలతోపాటు, సిరను అడ్డంగా కోసుకుని లేచిన డోలరైట్, పెగ్మటైట్ రాతికట్టలు కూడా ఉన్నాయి. తెగిన సిర రెండో ముక్క ఎటు పోయిందో తెలుసుకోవడానికి భ్రంశ తలంపై ఒరిపిడి గీతలను చదవాల్సి ఉంటుంది. గీతలు సాగిన దిశ రాయి జరిగిన దారిని సూచిస్తుంది. ఆ లెక్క తప్పితే నెలల తరబడి తవ్విన సొరంగం వృథా అవుతుంది.

తుమ్మలపల్లెలో పలక, కోలారులో దూలం

భూమి కదలికల ప్రభావం ఎంతటిదో తెలియాలంటే రాయలసీమలోనే మరో గనితో పోల్చి చూడవచ్చు. వైఎస్సార్ కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం గని 2012లో మొదలైంది. అక్కడి ఖనిజం కడప శిలల్లోని డోలమైట్ సున్నపురాతి పొరల్లో ఉంది. కడప శిలల హరివాణంలో నల్లమల ఉన్న తూర్పు భాగం తీవ్రంగా ముడుచుకుపోగా, తుమ్మలపల్లె ఉన్న పడమటి అంచు మాత్రం దాదాపుగా చెక్కుచెదరలేదు. పొరలు ఈశాన్యానికి సుమారు 15 డిగ్రీల వాలుతో చదరంగా దిగుతాయి. ఖనిజమున్న పొర దాదాపు 160 కిలోమీటర్ల మేర జాడ తెలిసేలా సాగింది.

అక్కడ ఒకచోట బోరు వేసి పొరను తాకితే, ఫలానా దూరంలో అది ఎంత లోతున ఉంటుందో లెక్కగట్టడం సులువు. ఖనిజం సన్నని పలకలా పరచుకుని ఉండటమే ఇందుకు కారణం. కోలారు పట్టీలో అటువంటి లెక్క పనికిరాదు. పక్కపక్కన వేసిన రెండు బోర్లలో ఒకటి చిక్కని ఖనిజాన్ని, మరొకటి వట్టి రాతిని చూపడం ఇక్కడ మామూలే. పలక వంటి నిక్షేపానికి తక్కువ బోర్లు చాలు. దూలాల వంటి నిక్షేపానికి దగ్గరదగ్గరగా ఎన్నో బోర్లు వేయాలి, ఖర్చు అనేక రెట్లు పెరుగుతుంది. కుప్పం సరిహద్దులో అన్వేషణకు ఏళ్లు పట్టడం వెనుక ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది.

లోతుకు దిగేకొద్దీ గండం

ఖనిజం ఆకారం గని ఆయుష్షునూ, కార్మికుడి ప్రాణాన్నీ కూడా శాసిస్తుంది. సన్నని సిర నిలువుగా దిగిపోవడంతో కోలారు గనులు దాన్ని వెంబడించి 3 కిలోమీటర్లకు పైగా లోతుకు చేరాయి. ఛాంపియన్ రీఫ్ గని ఒకప్పుడు ప్రపంచంలోని అత్యంత లోతైన గనుల్లో ఒకటి. ఆ లోతున రాతి వేడి 60 డిగ్రీల సెల్సియస్‌ను మించుతుంది. పైనున్న రాతి బరువు, లోపల దాగిన ఒత్తిడి కలిసి గోడలు హఠాత్తుగా పేలిపోయే ‘రాక్ బరస్ట్’ ప్రమాదాలు కోలారును దశాబ్దాల పాటు వెంటాడాయి. భ్రంశాలు, మడతలు, అడ్డుగా లేచిన రాతికట్టలు ఉన్నచోట ఈ పేలుళ్లు ఎక్కువగా సంభవించాయి. కోట్ల ఏళ్ల క్రితం ఖనిజాన్ని పోగు చేసిన వంపులే కార్మికులకు యమగండాలయ్యాయి. తవ్విన ఖాళీలను మొదట్లో గ్రానైట్ రాళ్లతో పేర్చి, తర్వాత కాంక్రీటుతో నింపి గోడలను కాపాడేందుకు ప్రయత్నించారు. ఈ అనుభవాల ఫలితంగానే 1988లో జాతీయ రాతి యాంత్రిక శాస్త్ర సంస్థ కేజీఎఫ్‌లో ఏర్పాటైంది.

సుమారు 120 ఏళ్లలో కోలారు నుంచి 800 టన్నుల మేర బంగారం వెలికివచ్చింది. లోతు పెరిగింది, ఖర్చు పెరిగింది, టన్ను రాతిలో బంగారం పాలు మాత్రం తగ్గిపోయింది. చివరకు 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ గనులు మూతపడ్డాయి. ఆ గనులనే నమ్ముకున్న వేలాది కుటుంబాలు ఉపాధి కోల్పోయాయి. వారిలో తెలుగువారు కూడా గణనీయంగా ఉన్నారు. అదే సంస్థ చేతిలోని చిగురుగుంట, బిసానత్తం గనుల్లోనూ పనులు నిలిచిపోయాయి. ఆ గనుల బ్లాకును తర్వాత జరిగిన వేలంలో ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌ఎండీసీ దక్కించుకుంది.

గ్రామాలకు తెలియాల్సింది

భూమి ముడతల శాస్త్రం తెలిస్తే పల్లెల్లో వ్యాపించే ఎన్నో వదంతులకు అడ్డుకట్ట పడుతుంది. పొలంలో తెల్లని పలుగురాయి గుట్ట కనిపించగానే కింద బంగారం ఉందని చెప్పి, భూమి ధరలతో ఆటలాడే దళారులు ఉండవచ్చు. పలుగురాయి సిరల్లో అత్యధికం వట్టివే. పసిడి మోసే నీరు దాని గుండా పారిందా లేదా అన్నది రంగు చూసి చెప్పగలిగేది కాదు, ప్రయోగశాల పరీక్షే చెప్పాలి. ఒక పొలంలో ఖనిజం ఉంటే పక్క పొలంలోనూ ఉండి తీరాలన్న నియమమూ లేదు.

మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. సిర ఏటవాలుగా దిగుతుంది కనుక గని ముఖద్వారం ఒక గ్రామంలో ఉండి, లోతున తవ్వకం మరో గ్రామం కిందికి సాగవచ్చు. బాంబు పేలుళ్ల అదురు, బావుల్లో నీటిమట్టం వంటి ప్రభావాలను అంచనా వేసేటప్పుడు నేలపై గీసిన హద్దులు చూస్తే చాలదు. ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో రైతులు అడగాల్సిన మొదటి ప్రశ్న ఖనిజం ఎటు వాలుతోంది, ఎంత లోతుకు వెళ్తుంది, ఏ గ్రామాల కింద నుంచి పోతుంది అన్నదే. 2015 చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధికి, వేలం ద్వారా పొందిన లీజుదారులు రాయల్టీలో 10 శాతానికి సమానమైన మొత్తం చెల్లించాలి. గని ప్రభావిత గ్రామాల బాగు కోసం ఉద్దేశించిన ఆ నిధి ఎవరికి అందాలో తేలాలన్నా ప్రభావిత ప్రాంతం ఏదో ముందుగా స్పష్టం కావాలి. ఖనిజం వాలు చూపే పటం అందుకు ఆధారం.

శాస్త్రవేత్తలు ఆ పటాన్ని చిన్న ఆనవాళ్ల నుంచే మొదలుపెడతారు. అరచేయంత రాతిలో కనిపించే చిరుముడత ఎటు వాలి ఉందో, అదే కదలికలో పుట్టిన కిలోమీటర్ల పొడవైన పెద్ద ముడత కూడా తరచూ అటే వాలి ఉంటుంది. అమెరికా భూగర్భ శాస్త్రవేత్త రాఫెల్ పంపెల్లీ బృందం 1894లో చెప్పిన ఈ సూత్రం నేటికీ పనికివస్తోంది. వాగు ఒడ్డున, రోడ్డు కోసం కొండను తొలిచిన చోట గీతలు గీతలుగా మెలికలు తిరిగిన రాయి కనిపిస్తే అది కేవలం వింత ఆకారం కాదు. ఆ నేల ఏ దిక్కు నుంచి ఒత్తిడికి లోనైందో, లోపలి సిర ఎటు ఒరిగి ఉండవచ్చో సూచించే గుర్తు అది. కళాశాల విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కుప్పం పరిసరాల కొండలే ఈ శాస్త్రం నేర్పే బహిరంగ పాఠశాలలు. గని తెరుచుకున్నా, తెరుచుకోకపోయినా ఆ పాఠం మాత్రం అందరికీ అందుబాటులో ఉంది.